కొండపోచమ్మ సాగర్ నీళ్లకు పుట్టిల్లు ఎక్కడ? మనం చూడని ప్రాణహిత కథ

 

ఈ ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతా. కొండపోచమ్మ సాగర్ కట్ట మీద నిలబడి ఫొటో దిగనోళ్లు మీలో ఎంతమంది? మా ప్రజ్ఞాపూర్‌లో అయితే అట్లాంటోళ్లు దొరకడం కష్టం. బండి మీద అరగంటలోపే పోవచ్చు. దాదాపు 16 కిలోమీటర్ల కట్ట, నిండితే 15 టీఎంసీల నీళ్లు. సాయంత్రం పూట చూస్తే సముద్రం లెక్కనే ఉంటుంది. నేను కూడా అక్కడ చాలా వీడియోలు తీశాను. కానీ ఆ నీళ్లు ఏ నదివి అని ఒక్కసారి కూడా సరిగ్గా ఆలోచించలేదు.

ఆలోచించేలా చేసింది మా మేనత్త. వాళ్ల ఊరు మల్లన్నసాగర్ కింద మునిగిపోయిన ఊళ్లలో ఒకటి. ఇప్పుడు గజ్వేల్ దగ్గర కాలనీలో ఉంటున్నరు. ఒక ఆదివారం అత్తను బండి మీద కొండపోచమ్మ కట్టకు తీసుకుపోయిన. కాసేపు ఏం మాట్లాడకుండా నీళ్ల వైపే చూసి, "ఈ నీళ్లు ఏడికెల్లి వస్తున్నయ్ రా?" అని అడిగింది.

"కాళేశ్వరం కెల్లి అత్తా" అన్నాను.

"కాళేశ్వరానికి ఏడికెల్లి వస్తున్నయ్?"

"గోదావరి కదా అత్తా."

"గోదావరి బాసర కాడ కూడా ఉన్నది కదరా. మరి అంత దూరం పోయి కాళేశ్వరం కాడ్నే ఎందుకు పట్టుకున్నరు?"

నా దగ్గర జవాబు లేదు. బీటెక్ చదివి, నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, వందల వీడియోలు చేసినోడిని. మా ఊరి పక్కన ఉన్న నీళ్లకు అడ్రస్ చెప్పలేకపోయిన. ఆమె ఊరు ఆ నీళ్ల కోసమే పోయింది. అడిగే హక్కు ఆమెకు ఉంది, జవాబు తెలుసుకోవాల్సిన బాధ్యత నాకు ఉంది. ఈ ఎపిసోడ్ ఆ జవాబే.

ఒక్క ముక్కలో చెప్తే, ఆ జవాబు పేరు ప్రాణహిత. తెలంగాణకు ఉత్తరాన, అడవుల అంచున, మహారాష్ట్ర సరిహద్దు గీతలా పారే నది. మనలో చాలామందికి పుష్కరాలప్పుడు మాత్రమే గుర్తొచ్చే పేరు. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు జరిగాయి, గుర్తుంది కదా. ఆ తర్వాత మళ్లీ మర్చిపోయాం.

ముందు ఒక మాట అర్థం చేసుకుందాం. వాటర్‌షెడ్. తెలుగులో పరీవాహక ప్రాంతం అంటారు. పెద్ద మాటలా ఉంది కానీ విషయం చాలా సింపుల్. పాత పెంకుటిల్లు ఊహించుకోండి. కప్పు నడిమధ్య ఎత్తుగా ఉంటుంది, రెండు వైపులా వాలుగా ఉంటుంది. వాన పడితే ఇటువైపు పడ్డ చుక్క ఇటు చూరు నుంచి, అటువైపు పడ్డ చుక్క అటు చూరు నుంచి కారుతుంది. రెండు చుక్కల మధ్య జానెడు దూరమే ఉండొచ్చు. కానీ ఒకటి మన వాకిట్లో, ఒకటి పెరట్లో పడుతుంది. భూమి కూడా అంతే. ఒక నదికి నీళ్లు వంచే కప్పు మొత్తాన్ని దాని పరీవాహక ప్రాంతం అంటాం.

మా గజ్వేల్, ప్రజ్ఞాపూర్ ప్రాంతం అట్లాంటి ఎత్తు గడ్డ మీదే ఉంది. ఇక్కడ పడమర వైపు పడ్డ వాన హల్దీ వాగులో కలిసి మంజీరకు పోతుంది. ఉత్తరం వైపు పడ్డది కూడవెల్లి వాగులో కలిసి ఎగువ మానేరుకు పోతుంది. రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ దిక్కు పోతుంటే, ఒక చోట దాటాక వాన నీళ్లు మూసీ వైపు తిరుగుతాయి, అక్కడి నుంచి కృష్ణలోకి. అంటే మన దగ్గర వాన నిలవదు, నాలుగు దిక్కులకు జారిపోతుంది. పెద్ద నది ఒక్కటి కూడా మన పక్క నుంచి పోదు. అందుకే మా తాతల కాలం నుంచి ఇక్కడ చెరువు, బావి, తర్వాత బోరు. అందుకే వేరే చోట నుంచి నీళ్లు ఎత్తుకొచ్చే ఆలోచన వచ్చింది.

సరే, ఎక్కడి నుంచి? పోయిన వానాకాలం మొదట్లో నేను కాళేశ్వరం పోయిన. సిద్దిపేట, కరీంనగర్, మంథని, కాటారం, మహదేవపూర్ మీదుగా రెండొందల కిలోమీటర్ల పైనే. ముక్తేశ్వర స్వామి గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉంటాయి, చూసే ఉంటారు. గుడి నుంచి ఘాట్ దిగితే సంగమం. ఎదురుగా అవతలి ఒడ్డు సిరోంచ, మహారాష్ట్ర.

అక్కడ నేను చూసింది చెప్తా. గోదావరి వచ్చే వైపు ఇసుక మేటలు, మధ్యలో సన్న పాయలు. ప్రాణహిత వచ్చే వైపు మట్టి రంగులో నిండుగా నీళ్లు. పేరు గోదావరిది, నీళ్లు ప్రాణహితవి. ఒక పెద్దాయన ఘాట్ మీద కూర్చుని ఉన్నడు. అడిగితే నవ్వి, "గోదారి ఇంకా రాలేదు బిడ్డా, ఇది ప్రాణహిత" అన్నడు. మా అత్త ప్రశ్నకు సగం జవాబు నాకు అక్కడే దొరికింది.

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. ప్రాణహిత పొడవు ఎంతో తెలుసా? కేవలం 113 కిలోమీటర్లు. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. పొడవు చూస్తే ప్రాణహితను లెక్కలోకి కూడా తీసుకోం. కానీ పరీవాహక ప్రాంతం చూడండి. గోదావరి మొత్తం పరీవాహక ప్రాంతం 3,12,812 చదరపు కిలోమీటర్లు. అందులో ప్రాణహిత వాటా 1,09,078 చదరపు కిలోమీటర్లు. మూడో వంతు కంటే ఎక్కువ! గోదావరి ఉపనదుల్లో దీన్ని మించింది లేదు. ఇంకో పోలిక. మన తెలంగాణ రాష్ట్రం మొత్తం విస్తీర్ణం 1,12,077 చదరపు కిలోమీటర్లు. అంటే దాదాపు ఒక తెలంగాణ అంత కప్పు మీద పడ్డ వాన, 113 కిలోమీటర్ల ఒక్క కాలువలోకి వచ్చి పడుతుంది.

ఇంత చిన్న నదికి అంత పెద్ద కప్పు ఎట్లా? ఎందుకంటే ప్రాణహిత అనేది ఒక పేరు మాత్రమే. కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లా కౌటాల మండలంలో తుమ్మిడిహెట్టి అనే ఊరు ఉంది. అక్కడ రెండు పెద్ద నదులు కలుస్తాయి. ఒకటి వార్ధా, ఒకటి వైన్‌గంగ. కలిసిన చోట నుంచి కిందికి దాని పేరు ప్రాణహిత. అసలు కథ ఆ పైన ఉంది. మ్యాప్ మీద వేలు పెట్టి నాతో పాటు పైకి రండి.

ముందు వార్ధా. ఇది మధ్యప్రదేశ్‌లోని బేతుల్ జిల్లాలో, ముల్తాయి దగ్గర సాత్పురా కొండల్లో పుడుతుంది. ఇక్కడొక అద్భుతం ఉంది. తపతీ నది కూడా ఆ ముల్తాయిలోనే పుడుతుంది. తపతి పడమరకు పోయి సూరత్ దగ్గర అరేబియా సముద్రంలో కలుస్తుంది. వార్ధా దక్షిణానికి దిగి, ప్రాణహితగా, గోదావరిగా మారి, రాజమండ్రి దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఇందాక చెప్పిన పెంకుటిల్లు గుర్తుందా? ఒకే తాలూకా కప్పు మీద ఇటు చూరు ఒక సముద్రానికి, అటు చూరు ఇంకో సముద్రానికి.

వార్ధా విదర్భ పత్తి చేల మధ్య నుంచి వస్తుంది. గాంధీజీ 1936లో సేవాగ్రామ్‌లో ఉండటానికి వెళ్లారు కదా, అది ఈ నది పేరు పెట్టుకున్న వార్ధా జిల్లాలోనే. దారిలో పెన్‌గంగ వచ్చి కలుస్తుంది. పెన్‌గంగ అజంతా కొండల్లో, బుల్దానా జిల్లాలో పుట్టి, మన ఆదిలాబాద్ జిల్లాకు ఉత్తర సరిహద్దుగా పారుతుంది. ఆదిలాబాద్ నుంచి నాగ్‌పూర్ హైవే మీద పోయినోళ్లు ఆ బ్రిడ్జి దాటే ఉంటారు.

ఇప్పుడు వైన్‌గంగ. ఇది మధ్యప్రదేశ్ సివనీ జిల్లాలో పుడుతుంది. పుట్టిన చోటు చుట్టూ అర్ధచంద్రాకారంలో ఒక పెద్ద వంపు తిరిగి, బాలాఘాట్ మీదుగా మహారాష్ట్రలోకి వచ్చి భండారా, చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాలు దాటి దాదాపు 580 కిలోమీటర్లు ప్రయాణం చేస్తుంది. ఈ నది మీకు చిన్నప్పటి నుంచి తెలుసు. మోగ్లీ గుర్తున్నాడా? జంగిల్ బుక్. రడ్యార్డ్ కిప్లింగ్ 1894లో వేసిన ఆ పుస్తకంలో మోగ్లీ తిరిగే కొండలు సివనీ కొండలు, అతని నది వైన్‌గంగ. అంటే మోగ్లీ నీళ్లు తాగిన నదే కిందికి వచ్చి కాళేశ్వరం చేరుతుంది. ఇది తెలిసిన రోజు నేను కాసేపు లాప్‌టాప్ మూసేసి కూర్చున్నా.

వైన్‌గంగలో కన్హాన్ కలుస్తుంది. కన్హాన్‌లో పెంచ్ కలుస్తుంది, పులుల అడవికి పేరిచ్చిన పెంచ్. నాగ్‌పూర్ నగరం పేరు ఏ వాగు మీద వచ్చిందో ఆ నాగ్ నది కూడా కన్హాన్‌లోకే పోతుంది. అంటే నాగ్‌పూర్‌లో ఒక పిల్లోడు వానలో వదిలిన కాగితం పడవ, మధ్యలో చిరగకుండా, డ్యామ్‌ల దగ్గర ఆగకుండా వస్తే, మన కాళేశ్వరం ఘాట్‌కు చేరాల్సిందే.

ఇప్పుడు అత్త ప్రశ్న. గోదావరి బాసర దగ్గర కూడా ఉంది కదా, మరి ప్రాణహిత దగ్గరే ఎందుకు ఎక్కువ నీళ్లు?

కారణం వాన. గోదావరి నాసిక్ జిల్లా త్ర్యంబకేశ్వర్ దగ్గర పడమటి కనుమల్లో పుడుతుంది. అక్కడ కొండల మీద వానలు బాగానే పడతాయి. కానీ కొండ దిగగానే మరాఠ్వాడా. కనుమలు మేఘాలను ఆపేస్తాయి కాబట్టి ఆ వెనక ప్రాంతంలో వాన తక్కువ, చాలా చోట్ల ఏడాదికి 700, 800 మిల్లీమీటర్లే. ఆ మీద పైఠణ్‌లో జాయక్‌వాడీ లాంటి డ్యామ్‌లు. మన దగ్గరికి వచ్చాక శ్రీరాంసాగర్. మంచి వానలు లేని ఏడాది కిందికి మిగిలేది కొంచెమే.

వైన్‌గంగ వైపు కథ వేరు. వానాకాలంలో బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే, అది చాలాసార్లు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా పడమర, వాయవ్య దిక్కుకు కదులుతుంది. ఆ దారి కింద ఉండేదే బాలాఘాట్, గోండియా, భండారా, గడ్చిరోలి. అక్కడ ఏడాదికి 1,200 మిల్లీమీటర్ల పైనే పడుతుంది. నేల మీద అడవి ఎక్కువ. భండారా, గోండియా వైపు అయితే చెరువుల జిల్లాలనే పేరు. అందుకే కాళేశ్వరం దగ్గర "గోదారి ఇంకా రాలేదు, ఇది ప్రాణహిత" అనే మాట వస్తుంది.

నాకు లెక్క వేయకపోతే నిద్ర పట్టదు, అది పాత ఉద్యోగం అలవాటు. 1,09,078 చదరపు కిలోమీటర్ల మీద ఒక్క మిల్లీమీటర్ వాన పడితే ఎన్ని నీళ్లు? దాదాపు 10.9 కోట్ల ఘనపు మీటర్లు. టీఎంసీల్లో 3.85. అంటే ఆ కప్పు మొత్తం మీద 4 మిల్లీమీటర్ల వాన పడి, అదంతా కిందికి పారితే, 15 టీఎంసీల కొండపోచమ్మ సాగర్ నిండిపోయేటన్ని నీళ్లు. 4 మిల్లీమీటర్లు అంటే మనం గొడుగు కూడా తీయం. నిజంలో అదంతా పారదు. నేల తాగుతుంది, ఎండకు ఆవిరి అవుతుంది, గోసీఖుర్ద్ లాంటి డ్యామ్‌లు పట్టుకుంటాయి. కానీ కప్పు పెద్దదైతే ఏమవుతుందో అర్థం కావడానికి ఈ లెక్క చాలు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. వరద. 2022 జులైలో గోదావరి, ప్రాణహిత రెండూ ఒకేసారి పొంగాయి. మేడిగడ్డ దగ్గర ప్రవాహం 28 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వేగంతో నీళ్లు వస్తే మన కొండపోచమ్మ సాగర్ ఎంతసేపట్లో నిండుతుందో తెలుసా? గంటన్నర! కన్నెపల్లి పంప్‌హౌస్ మునిగింది. కింద భద్రాచలంలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది, 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత ఎత్తు అప్పుడే. అదే నదికి ఎండాకాలంలో పోతే ఇసుకలో నడుచుకుంటూ చాలా దూరం పోవచ్చు. అంటే ప్రాణహిత ఏడాదంతా ఇచ్చే నది కాదు. మూడు నాలుగు నెలల్లో అంతా ఇచ్చేసి వెళ్లిపోతుంది. పట్టుకుంటే పట్టుకున్నట్టు, లేకపోతే సముద్రానికి.

అసలు ఈ నది ఇక్కడే ఎందుకు పారుతుంది అనేది కూడా ఒక నిమిషం చెప్పాలి. ప్రాణహిత, గోదావరి లోయ చాలా పాతది. కోట్ల ఏళ్ల కింద రెండు పగుళ్ల మధ్య భూమి కుంగి, పొడవాటి గుంతలాగా అయింది. ఆ గుంతలో ఇసుక, మట్టి, చెట్లు పొరలు పొరలుగా పేరుకున్నాయి. ఆ చెట్లే ఈరోజు బొగ్గు. బెల్లంపల్లి, మంచిర్యాల, రామగుండం సింగరేణి గనులు ఆ లోయలోనివే. ఆ పొరల్లోనే డైనోసార్ ఎముకలు దొరికాయి. స్కూల్ ట్రిప్‌లో హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంకి పోయి ఒక పెద్ద డైనోసార్ అస్థిపంజరం కింద నిలబడ్డారు కదా? దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. యామన్‌పల్లి మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని ఊరు.

ఒడ్డు మీద మనుషుల సంగతి కూడా ఇంతే. మ్యాప్‌లో నది సరిహద్దు గీత. కానీ అవతల సిరోంచలో దుకాణానికి పోయి తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు వస్తుంది. బంధుత్వాలు ఇటూ అటూ ఉంటాయి. బ్రిటిష్ కాలంలో అయితే విదర్భ పత్తిని పడవల మీద వార్ధా, ప్రాణహిత, గోదావరి మీదుగా సముద్రానికి దింపాలని చూశారు. నది మధ్యలో రాతి మెట్లు అడ్డం వచ్చాయి, ఆ పథకం ఆగిపోయింది. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ ప్రయత్నంలో మిగిలిందే.

ఇక నీళ్లు మన దాకా ఎట్లా వస్తాయి? ముందే చెప్తున్నా, నేను ఏ పార్టీ తరఫునా మాట్లాడట్లేదు. కామెంట్లలో కొట్టుకోకండి. ఎత్తు, దూరం, నీళ్లు, ఈ మూడే చూద్దాం.

మొదటి ప్లాన్ 2008లో మొదలైన ప్రాణహిత–చేవెళ్ల. తుమ్మిడిహెట్టి దగ్గర, అంటే రెండు నదులు కలిసిన చోటే బ్యారేజీ కట్టి 160 టీఎంసీలు తేవాలని. అక్కడ నీటిమట్టం 152 మీటర్లు అనుకున్నారు. అంత ఎత్తులో నీళ్లు ఆపితే తమ భూములు మునుగుతాయని మహారాష్ట్ర ఒప్పుకోలేదు. తర్వాత ప్లాన్ మారింది. ప్రాణహిత గోదావరిలో కలిసిన తర్వాత, కాళేశ్వరం దిగువన మేడిగడ్డ. 2016 ఆగస్టులో రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం అయింది: తుమ్మిడిహెట్టి 148 మీటర్లు, మేడిగడ్డ 100 మీటర్లు. 2019 జూన్ 21న కాళేశ్వరం ప్రారంభమైంది. 2020 మే 29న కొండపోచమ్మ సాగర్‌లోకి నీళ్లు వచ్చాయి.

ఇక్కడ బేరం అర్థం చేసుకోండి. పైన పట్టుకుంటే ఎత్తాల్సిన ఎత్తు తగ్గుతుంది, కానీ వేరే రాష్ట్రం భూమి మునుగుతుంది. కింద పట్టుకుంటే ప్రాణహిత మొత్తం, గోదావరిలో మిగిలింది, రెండూ దొరుకుతాయి, కానీ ఇంకో 50 మీటర్లు ఎక్కువ ఎత్తాలి. మేడిగడ్డ 100 మీటర్లు. కొండపోచమ్మ సాగర్ 618 మీటర్లు. తేడా 518 మీటర్లు.

మళ్లీ లెక్క. మీ ఇంటి మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఉంటుంది కదా. ఆ ఒక్క ట్యాంకు నీళ్లను 518 మీటర్లు ఎత్తాలంటే, ఎక్కడా ఏమీ వృథా కాకపోయినా దాదాపు 1.4 యూనిట్ల కరెంటు కావాలి. ఒక టీఎంసీకి దాదాపు 4 కోట్ల యూనిట్లు. నెలకు 200 యూనిట్లు వాడే 16 వేల ఇళ్లకు ఏడాది కరెంటు అది. నిజంలో ఇంకా ఎక్కువే అవుతుంది. అందుకే కట్ట మీద నిలబడ్డప్పుడు నేను ఇప్పుడు ఆ నీళ్లను ఊరికే వచ్చిన నీళ్లలా చూడలేకపోతున్నా.

2023 అక్టోబర్ 21న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. 2024 వానాకాలంలో అక్కడ గేట్లు ఎత్తి ఉంచి, నీళ్లను యెల్లంపల్లి నుంచి ఎత్తారు. చాలామంది "ఏదైతేనేం, గోదావరి నీళ్లే కదా" అన్నరు. కాదు ఫ్రెండ్స్, మ్యాప్ చూడండి. యెల్లంపల్లి ఎక్కడుంది? ప్రాణహిత కలవడానికి ముందు! అంటే యెల్లంపల్లి నీళ్లలో మోగ్లీ నది లేదు, నాగ్‌పూర్ వాన లేదు. అవి నాసిక్, మరాఠ్వాడా, నిజామాబాద్, కడెం వైపు వానలు. పంపులు అవే, కాలువలు అవే, మన రిజర్వాయర్ అదే. కానీ కప్పు మారిపోయింది. మరాఠ్వాడాలో మంచి వాన పడిన ఏడాది తేడా తెలియదు. పడని ఏడాది తెలుస్తుంది. ఈ ఎపిసోడ్‌లో ఒక్క విషయమే గుర్తుపెట్టుకుంటా అంటే, ఇది గుర్తుపెట్టుకోండి. నది పేరు అడగొద్దు, ఏ కప్పు నీళ్లు అని అడగండి.

ఇంకొక ముచ్చట. 2021 ఏప్రిల్‌లో కొండపోచమ్మ సాగర్ నీళ్లను వర్గల్ మండలం అవుసులపల్లి దగ్గర హల్దీ వాగులోకి వదిలారు. హల్దీ మంజీరలో కలుస్తుంది, మంజీర నిజాంసాగర్ మీదుగా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. కందకుర్తి ఎక్కడ? గోదావరి తెలంగాణలోకి అడుగుపెట్టే చోటు! అంటే కాళేశ్వరం దగ్గర పట్టిన నీళ్లు మా ఎత్తు గడ్డ ఎక్కి, అటువైపు చూరు నుంచి జారి, తాము కలిసిన చోటుకు వందల కిలోమీటర్ల పైన మళ్లీ అదే గోదావరి వైపు నడిచాయి. కప్పు నడిమధ్య ఉన్న ఊరికి ఆ శక్తి ఉంటుంది. మనం ఉన్నది అట్లాంటి చోట.

వారం కింద మళ్లీ అత్త దగ్గరికి పోయిన. ఫోన్‌లో మ్యాప్ తీసి చూపించిన. సివనీ, బాలాఘాట్, నాగ్‌పూర్, తుమ్మిడిహెట్టి, కాళేశ్వరం, మన కట్ట. ఆమె వేలు పెట్టి మెల్లగా గీత వెంట వచ్చింది. "అయితే వాన గాడ పడ్తది, ఊరు మనది పోయింది" అన్నది. కోపంగా కాదు, లెక్క సరిచూసుకున్నట్టు. తర్వాత అడిగింది, "గా పైన డ్యాములు కట్టిన కాడ గూడ ఊర్లు మునిగినయా?"

మునిగినయ్ అత్తా అన్నాను. గోసీఖుర్ద్ కింద కూడా ఊళ్లు పోయాయి. "గట్లనా" అని ఫోన్ నా చేతికిచ్చింది. చాయ్ పెట్టడానికి లేచింది.

నేను చెప్పాలనుకున్నది ఇదే. ప్రాణహిత ఎక్కడో ఉత్తరాన అడవిలో ఉన్న నది కాదు. దాని కప్పు మీద ఎంత వాన పడింది, పైన ఎవరు ఎంత ఆపుకున్నరు, రెండు రాష్ట్రాలు ఏ ఎత్తుకు సంతకం పెట్టాయి, వీటన్నిటి మీద మన పొలం, మన నల్లా ఆధారపడి ఉన్నాయి. దానికోసం ఊళ్లు ఇచ్చినవాళ్లు మన పక్క కాలనీలోనే ఉన్నరు. తెలియకపోతే ఎవరు ఏం చెప్పినా నమ్మాల్సి వస్తుంది.

మీరు చేయాల్సినవి మూడు. ఒకటి, ఈసారి బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వస్తే మన జిల్లా ఒక్కటే చూసుకోకండి. బాలాఘాట్, గోండియా, గడ్చిరోలిలో ఎంత పడిందో చూడండి. కొద్ది రోజుల్లో కాళేశ్వరం దగ్గర ఏం జరుగుతుందో మీకే అర్థమవుతుంది. రెండు, మీ ఊరి వాన ఏ వాగులోకి, ఆ వాగు ఏ నదిలోకి పోతుందో కనుక్కోండి. ఇంట్లో పెద్దోళ్లను అడిగితే మ్యాప్ కంటే ముందే చెప్తారు. కామెంట్లో రాయండి, నేను అన్నీ చదువుతా.

మూడోది సీరియస్‌గా. కొండపోచమ్మ సాగర్‌కు పోతే కట్ట మీదే ఉండండి, నీళ్లలోకి దిగొద్దు. 2025 జనవరిలో హైదరాబాద్ నుంచి సరదాగా వచ్చిన ఐదుగురు కుర్రాళ్లు అక్కడ మునిగి చనిపోయారు. అది ఊరి చెరువులా మెల్లగా లోతయ్యే చోటు కాదు. ఫొటో కట్ట మీద నుంచి కూడా బాగనే వస్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో కూడవెల్లి వాగు వెంట నడుద్దాం, ఈసారి బండి మీద కాదు, కాలినడకన. అప్పటిదాకా జాగ్రత్త. ఉంటా మరి.